తాడు రెండో కొస ఎవరి చేతిలో?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లో ఒక తాడు ప్రస్తావన ఉంది. విషవాయువు ఉండగల తొట్టిలోకో గోతిలోకో గొట్టంలోకో కార్మికుడు దిగవలసి వస్తే, అక్కడ ప్రమాదం లేదని అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అలా కాకుంటే, దిగే మనిషి శ్వాస పరికరం ధరించి, నడుముకు పట్టీ కట్టుకుని, ఆ పట్టీకి ఒక తాడు బిగించుకోవాలి. ఆ తాడు రెండో కొస బయట నిలబడిన మరో మనిషి చేతిలో ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే మన శాసనకర్తలు ఇంత విస్పష్టంగా రాసిపెట్టారు. ప్రాణాంతకమైన పనికి ఒకరు చేసేవారూ ఒకరు కనిపెట్టుకుని ఉండేవారూ కావాలన్నది అందులోని ఇంగితం.

ఆ ఇంగితం ఫ్యాక్టరీ గోడ దాటి రాలేదు. ఈ దేశంలో చేతిపని చేసి బతికేవారిలో అత్యధికులు మాత్రం ఆ గోడకు బయటే ఉన్నారు. అర్ధరాత్రి ఫ్యూజ్ కాల్‌కు వెళ్లే లైన్‌మన్, అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు అంచున కూర్చుని ఏసీ బయటి యూనిట్ విప్పే మెకానిక్, ఇంటి కప్పు మీద సౌర ఫలకాలు బిగించే కుర్రవాడు, మోకు వేసుకుని తాడి చెట్టెక్కే గీత కార్మికుడు, బావిలో మోటారు దించే మనిషి. వీరందరి పనుల్లోనూ సామాన్యంగా కనిపించేది కరెంటో, ఎత్తో, వాయువో కాదు. పని జరుగుతున్నంతసేపూ పక్కన మరో మనిషి లేకపోవడమే. ఒంటికాయ శొంఠికొమ్ము అని మన భాషలో ఒక మాట ఉంది. అండ లేనివాణ్ణి అలా అంటారు. మన కార్మిక చట్టాల కళ్లకు ఈ శొంఠికొమ్ములు కనిపించవు.

చట్టాలు లెక్కపెట్టడం పదితోనో ఇరవైతోనో మొదలుపెడతాయి. విద్యుత్తు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది ఉంటేనే పాత చట్టం దాన్ని ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యలను ఇరవైకీ నలభైకీ పెంచింది. కాంట్రాక్టు కార్మికుల రక్షణకు పాత చట్టంలో ఇరవై ఉన్న కనీస సంఖ్య ఇప్పుడు యాభై. సాధారణ ఫ్యాక్టరీలో భద్రతాధికారి తప్పనిసరి కావాలంటే అయిదు వందల మంది ఉండాలి. నిర్మాణ రంగంలో పదిమందికి తక్కువైతే కోడ్ వర్తించదు. వ్యక్తులు సొంత నివాసం కోసం చేయించుకునే పని విలువ 50 లక్షల రూపాయలు దాటకుంటే అదీ పరిధి వెలుపలే. 1996 చట్టంలో ఈ మినహాయింపు పది లక్షల దగ్గర ఆగింది. ఆ అంకెలు పెంచినప్పుడు పార్లమెంటులో చర్చ అన్నది జరిగిందా అని అడగకండి. 2020 సెప్టెంబర్‌లో ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉండగా ఆ బిల్లులు గట్టెక్కాయి.

కోడ్‌లో మంచి లేదని అనను. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు, ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. నియామక పత్రమే మహా భాగ్యమనుకునే దేశంలో అది చిన్న విషయమేమీ కాదు. కానీ సంఖ్యను బట్టి రక్షణను కొలిచే ఆలోచనలోనే ఒక వైపరీత్యం ఉంది. అయిదు వందల మంది ఉన్నచోట ఒకడు కుప్పకూలితే చూడ్డానికి పక్కన నలుగురుంటారు, అరవడానికి ఒక గొంతు ఉంటుంది, స్విచ్చి ఆపడానికి ఒక చెయ్యి ఉంటుంది. ఎవరూ లేనిచోట కూలినవాడికే చట్టం అండ ఎక్కువ కావాలి. మన చట్టం మనుషులు ఎక్కువయ్యేకొద్దీ దగ్గరకు వస్తుంది, తగ్గేకొద్దీ దూరంగా జరుగుతుంది.

విద్యుత్ రంగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం విద్యుదాఘాతంతో ఈ దేశంలో ఏటా పన్నెండు వేల మందికి పైగా మరణిస్తున్నారు. రైతులు, పిల్లలు, గృహిణులు, విద్యుత్ సిబ్బంది అందరూ ఆ మొత్తంలో ఉన్నారు. చనిపోయిన మనిషి ఆ క్షణంలో పనిలో ఉన్నాడా, ఉంటే ఒంటరిగా ఉన్నాడా అని చెప్పే గడి మాత్రం ఆ సంస్థ ప్రచురించే పట్టికల్లో లేదు. లెక్కలో లేని సమస్యకు బడ్జెట్‌లో పద్దు ఉండదన్నది ఢిల్లీలో కొన్నాళ్లు తిరిగిన ఏ విలేకరికైనా తెలిసిన సంగతే. ఇక మా పత్రికల సంగతి చెప్పనక్కర లేదు. ‘విద్యుదాఘాతంతో లైన్‌మన్ మృతి’ అన్నది జిల్లా పేజీలో ఒంటి కాలమ్ వార్త. ఊరి పేరు, మనిషి పేరు మారుతుంటాయి, శీర్షిక మారదు.

లైన్ మీద పనిచేయడానికి నిబంధనలు లేక కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో జారీ చేసి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనలు ఉన్నాయి. తీగను తాకే ముందు అందులో మిగిలిన విద్యుత్తును భూమిలోకి పంపేయాలి. చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, నడుం పట్టీ, హెల్మెట్, ఎర్తింగ్ సరంజామా, టెస్టర్ సిబ్బందికి సమకూర్చాలి. ప్రవహిస్తున్న లైన్ మీద నియుక్తుడైన వాడు తప్ప వేరెవరూ పనిచేయరాదు, అతనికి సాయపడే మనిషి కూడా నియుక్తుడై ఉండాలి. క్షేత్రంలో దీనికంతటికీ ఒకే మాట ఉంది: ‘ఎల్‌సీ’. లైన్ క్లియర్ తీసుకున్నాక, సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫీడర్ ఆపాక, స్తంభం మీద ఎర్త్ రాడ్ తగిలించాక పైకెక్కాలి.

ఇప్పుడు ఒక వానాకాలం రాత్రి ఊహించండి. ఈదురుగాలికి కొమ్మ విరిగి 11 కేవీ తీగ మీద పడింది. మూడు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. లైన్‌మన్ ఒక్కడే. అతను ఫోన్‌లో ఎల్‌సీ అడగాలి, ఆపరేటర్ సరైన ఫీడరే ఆపాడో లేదో చూసుకోవాలి, ఏబీ స్విచ్ దించడానికి ఒక చోటికి వెళ్లాలి, తెగిన చోటికి తిరిగి రావాలి, రెండు వైపులా ఎర్త్ చేయాలి, టార్చ్ పట్టుకోవాలి, స్తంభం ఎక్కాలి. అతను పైన ఉండగా కింద ఏ కల్యాణమండపంలోనో జనరేటర్ వేసి, మెయిన్ కట్టేయడం మరిచిపోతే రిటర్న్ కరెంట్ వెనక్కి పాకి వస్తుంది. ఆగిందనుకున్న తీగ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. రెండు వైపులా ఎర్త్ చేయాలన్న నిబంధన పుట్టింది ఇందుకే. ఒక్కడే ఉన్నప్పుడు మొదట వదిలేసేదీ ఆ రెండో ఎర్తే, ఎందుకంటే అందుకు మరో స్తంభం దాకా నడవాలి. ఆ తర్వాత విచారణ నివేదికలో ఏం రాస్తారో ముందే చెప్పొచ్చు: ‘భద్రతా సూత్రాలు పాటించలేదు.’ ఇద్దరు చేయవలసిన పనిని ఒకరికి అప్పగించిన ఉత్తర్వు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

గుండె లయ తప్పి ఆగిన మనిషికి నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీ మీద నొక్కి ఊపిరి ఆడించగల మనిషి ఆ లోపల అందితే బతికే అవకాశం ఉంటుంది. ఒంటరితనం వల్ల ప్రమాదం జరగకపోవచ్చు గానీ, జరిగినదాన్ని మరణం దాకా తీసుకుపోయేది చాలాసార్లు అదే. తెల్లవారి పొలానికి వెళ్లేవాడు చూసేవరకు స్తంభం మీద మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియని సంఘటనలను మన గ్రామాలు ఎరుగుదుం.

ఈ ఒంటరితనం దైవికం కాదు, పాలకులు చేసుకున్న ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఒక్కో సచివాలయానికి ఒక్కో ఎనర్జీ అసిస్టెంట్‌ను నియమించారు. ఊరికొక విద్యుత్ ఉద్యోగి అని అందరం మెచ్చుకున్నాం. ఊరికి ఒక్కడే అన్న అర్థం అందులోనే దాగి ఉందని తర్వాత గానీ తెలిసిరాలేదు. ఇక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, నిజానికి దేశంలో చాలాచోట్ల, లైన్‌మన్ వెంట తిరిగే ‘ప్రైవేట్ హెల్పర్’ అనే వ్యవస్థ ఉంది. అతను ఏ రికార్డులోనూ ఉండడు. లైన్‌మన్ తన జేబులోంచి ఇచ్చేదే జీతం. వయసు మీద పడిన ఉద్యోగి బదులు స్తంభమెక్కేది తరచు అతనే. అతను పడిపోతే సంస్థ ‘మావాడు కాడు’ అంటుంది, నిబంధన ప్రకారం అది నిజమే. రెండో మనిషి అవసరమని క్షేత్రానికి తెలుసు కనుకనే హెల్పర్ పుట్టాడు. ఆ అవసరాన్ని ఒప్పుకుంటే పోస్టు మంజూరు చేయాలి కనుక సంస్థ కళ్లు మూసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తనే వేసుకోబోయి చనిపోయే రైతు కథ కూడా దీనికి కొనసాగింపే. పిలిస్తే వచ్చే మనిషి లేనప్పుడు అతను మరేం చేస్తాడు?

రెండో మనిషి ఉంటే చాలునా అంటే చాలదు. 2015 నవంబర్‌లో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు లోపల చిక్కుకుపోతే, దారిన పోతున్న ఒక ఆటో డ్రైవర్ వారిని కాపాడబోయి లోపలికి దిగాడు. ముగ్గురూ మరణించారు. మనిషితనానికి అంతకంటే పెద్ద నిదర్శనం అక్కర లేదు. కానీ అక్కడ లేనిది సాహసం కాదు, తాడు. మురుగు గోతుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. వాసన పోయింది గదా అని దిగినవాడు మెట్టు మీదే వాలిపోతాడు. అతణ్ణి లేపబోయిన తమ్ముడు, తమ్ముణ్ణి లేపబోయిన బావ, ఇలా ఒకే గోతిలో వరసగా శవాలు తేలిన వార్తలు దేశమంతటా ఉన్నాయి. అందుకే 1948 చట్టం ఆ రెండో మనిషిని లోపలికి రమ్మనలేదు. బయట నిలబడమన్నది, తాడు పట్టుకోమన్నది. కరెంటు దగ్గరా ఇదే సూత్రం. ముందు స్విచ్చి, తర్వాత మనిషి. షాక్ తగిలినవాణ్ణి వట్టి చేతులతో లాగబోయినవాడు రెండో మృతుడవుతాడు.

మురుగు గోతుల విషయంలో చట్టం నిజానికి ముందడుగే వేసింది. పాకీపని నిషేధ చట్టం 2013 కింద చేసిన నియమాలు, తప్పనిసరి పరిస్థితుల్లో మనిషి దిగవలసి వస్తే అక్కడ అన్నివేళలా కనీసం ముగ్గురు ఉండాలని, వారిలో ఒకరు పర్యవేక్షకుడై ఉండాలని చెబుతున్నాయి. 2014 మార్చిలో సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పది లక్షల పరిహారం నిర్ణయించింది, 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. అయినా 2019 నుంచి 2023 వరకు అయిదేళ్లలో 377 మంది ఇలా మరణించారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. పరిహారం పెరుగుతూ పోతోంది, బయట తాడు పట్టుకునే మనిషికి కూలి ఇచ్చే పద్దు మాత్రం ఏ టెండర్ పత్రంలోనూ కానరాదు. దిగేవారిలో దాదాపు అందరూ ఏ కులాలవారో ఇక్కడ చెప్పనక్కర లేదు. తాడు పట్టేవాడి కూలి ఎందుకు మిగుల్చుకుంటారో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క సంగతి చాలు.

డబ్బు లేదంటారు. ఆ వాదన కూడా పరిశీలిద్దాం. పంపిణీ సంస్థల సంస్కరణకు 2021లో కేంద్రం ప్రారంభించిన పథకం మొత్తం వ్యయం మూడు లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. దాని కింద 25 కోట్ల స్మార్ట్ మీటర్లు బిగించాలన్నది లక్ష్యం. ఏ ఇంట్లో ఎంత కరెంటు వాడారో అరగంటకు ఒకసారి ఆ మీటరు చెప్పగలదు. స్తంభం మీద మనిషి అరగంటగా కదలడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పే ఏర్పాటు లేదు. 2020 డిసెంబర్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు వచ్చాయి. సరఫరా పునరుద్ధరణకు గడువులు పెట్టి, గడువు దాటితే వినియోగదారుడికి పరిహారమన్నారు. వినియోగదారుడిగా నాకది సంతోషమే. కానీ గడియారాన్ని ఒక వైపు బిగించి, రెండో వైపున సిబ్బందిని పెంచకపోతే ఆ నిమిషాలు ఎవరి ఒంట్లోంచి పిండుతారు? ఎల్‌సీ కోసం ఆగే పది నిమిషాల్లోంచి, రెండో ఎర్త్ కోసం నడిచే అయిదు నిమిషాల్లోంచి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా మార్చి 4న ‘లైన్‌మన్ దివస్’ జరుపుతోంది. జాతీయ భద్రతా దినమూ అదే రోజు. శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు. ఆ వేదిక మీద ఒక్క ప్రకటన వినాలని ఉంది: 11 కేవీ, ఆపై లైన్ల మీద ఇద్దరు అధీకృత సిబ్బంది లేనిదే ఎల్‌సీ ఇవ్వరాదని. ఆపరేటర్ ఆ రెండో పేరు నమోదు చేసుకోనిదే ఫీడర్ ఆపరాదు, ఆ రెండో మనిషి గొంతు విననిదే మళ్లీ వేయరాదు. దీనికి కొత్త యంత్రం అక్కర లేదు, రిజిస్టర్‌లో ఒక గడి గీస్తే చాలు. రెండో మనిషికి జీతం కావాలి, నిజమే. అది ఇప్పుడు కూడా వ్యయమవుతూనే ఉంది, లైన్‌మన్ జేబులోంచి.

అన్ని పనులకూ ఇద్దరు సాధ్యం కాదన్న అభ్యంతరంలో నిజం ఉంది. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్ మార్చడానికి ఇద్దరు ఎలక్ట్రీషియన్లను పిలిచే స్తోమత మధ్యతరగతికి లేదు. అక్కడ కావలసింది వేరే రకం ఏర్పాటు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర నిబంధనల ప్రకారం ఒంటరిగా పనిచేసే కార్మికుడి క్షేమం కనుక్కోవడానికి యజమాని ఒక పద్ధతి రాతపూర్వకంగా పెట్టాలి. ఎంతసేపటికోసారి పలకరించాలో ముందే నిర్ణయించాలి, పలకరించే బాధ్యత ఫలానావారిదని చెప్పాలి, జవాబు నమోదు చేయాలి, పని ముగిశాక కూడా ఒకసారి కనుక్కోవాలి. జవాబు రాకపోతే ఏం చేయాలో ఆ పద్ధతిలోనే ఉండాలి. ఒక్క ఫోన్ కాల్ ఖర్చు. మన దగ్గర యాప్‌ల ద్వారా ఇళ్లకు మెకానిక్‌లను పంపే కంపెనీలకు ఇది ఇంకా తేలిక. కుర్రవాడు ఏ వీధిలో ఉన్నాడో, ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యాడో వారికి తెలుసు. ఆ సమాచారంతో అతని రేటింగ్ తగ్గిస్తారు. పని మొదలుపెట్టి గంటన్నరైనా ముగించలేదేమని క్షేమం అడగడానికి అదే సమాచారం సరిపోతుంది. గిగ్ కార్మికులకు 2020 సామాజిక భద్రత కోడ్‌లో చోటు దొరికింది. భద్రత కోడ్‌లో దొరకలేదు. చచ్చాక ఇచ్చే సొమ్ముకు నిధి ఉంది, చావకుండా చూసే బాధ్యతకు పేరు లేదు.

ఇంటివారిగా మనకూ ఇందులో కాస్త పని ఉంది. ఎలక్ట్రీషియన్ స్టూలెక్కినప్పుడు మెయిన్ స్విచ్ దగ్గర ఒకరు నిలబడడానికి ఖర్చేమీ లేదు. ఏసీ యూనిట్ కోసం కిటికీ దాటి బయటకు దిగుతున్నవాడిని ‘బెల్టు ఉందా బాబూ?’ అని అడగడానికి చదువక్కర లేదు. ‘పది నిమిషాల పనే సార్, ఫరవాలేదు’ అని అతనంటాడు. అక్కడే మనం మెత్తబడకూడదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కల్లు గీత యుగాలుగా ఒంటరి వృత్తి. చెట్టు మీది మనిషి పట్టు తప్పితే నేల దాకా ఆపేదేమీ ఉండేది కాదు, ఇప్పుడు ఆపేదొకటి వచ్చింది. ఓటుబ్యాంకు అని ఎవరైనా ఎద్దేవా చేస్తే చేయనీయండి. ఓటుకు భయపడైనా ఒక ప్రభుత్వం ఒంటరి కార్మికుడి వైపు చూసిన అరుదైన సందర్భమిది. గీత కార్మికులకు సంఘం ఉంది, సొసైటీలు ఉన్నాయి, ఏ నియోజకవర్గంలో ఎంతమందో పార్టీలకు తెలుసు. ఏసీ మెకానిక్‌కు, ప్రైవేట్ హెల్పర్‌కు అలాంటి సంఖ్యాబలం లేదు. ఒంటరిగా పనిచేసేవాడు రాజకీయంగానూ ఒంటరే కావడం యాదృచ్ఛికం కాదు. పక్కన మనిషి లేనివాడికి యూనియన్ కూడా కష్టమే. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చోవలసిన భారత కార్మిక మహాసభ చివరిసారి జరిగింది 2015లో. అందుకోసం ఢిల్లీలో ఎవరికీ నిద్ర చెడినట్టు కనబడదు.

అయితే కొత్త కోడ్‌లోనే ఒక తలుపు ఉంది, దాన్ని తట్టవచ్చు. ప్రాణాపాయకరమైన పనిగా కేంద్రం నోటిఫై చేస్తే, కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా కోడ్ ఆ సంస్థకు వర్తిస్తుంది. ఒక్కరున్నా చాలు. భద్రతా ప్రమాణాలను ప్రకటించే అధికారం 18వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. విద్యుత్ లైన్లు, మురుగు గోతులు, మూసి ఉన్న తొట్లు, ఎత్తు మీది పనులు, సౌర ఫలకాల బిగింపు ఆ జాబితాలోకి రావాలి. కోటి ఇళ్ల కప్పులకు సౌర విద్యుత్తు ఇస్తామని 2024లో ప్రారంభించిన పథకం సాగుతోంది గనుక, ఆ కప్పులెక్కే చేతులను ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. ఏ పనికి ఇద్దరు తప్పనిసరో, ఏ పనికి వేళకు పలకరింపు సరిపోతుందో ప్రమాణంలోనే రాయాలి. రాష్ట్రాలు కోడ్ కింద తమ నియమాలు తాము రాసుకోవాలి గనుక విజయవాడ, హైదరాబాద్ కూడా ఢిల్లీ కోసం కాచుకుని కూర్చోనవసరం లేదు. డిస్కంలు రాష్ట్రాల చేతిలోనివే. ఎల్‌సీ రిజిస్టర్‌లో రెండో పేరుకు గడి గీయడానికి ఇంధన శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు. వచ్చే సమావేశాల్లో మీ ఎమ్మెల్యే లిఖితపూర్వకంగా అడగదగిన ప్రశ్న కూడా ఇదే: గత అయిదేళ్లలో లైన్ల మీద పనిచేస్తూ మరణించినవారు ఎందరు, వారిలో ఒంటరిగా ఉన్నవారు ఎందరు, జీతాల పట్టీలో పేరు లేనివారు ఎందరు?